బోధన్ చక్కెర గురించి అడిగితే ప్రపంచ చరిత్రే చెబుతారు.. చరిత్రకారులను ఏం అడగాలి? వాళ్ల మాట ఎలా వినాలి?

ఫోన్ తెరిస్తే చాలు, చరిత్ర వీడియోలు వరుస కడుతున్నాయి. రోమ్ సామ్రాజ్యం, ఫ్రెంచ్ విప్లవం, రెండో ప్రపంచ యుద్ధం.. ఇటు ఒక యాంకర్, అటు ఒక ప్రొఫెసర్, గంటసేపు ముచ్చట. వినడానికి బాగానే ఉంటుంది. కానీ వీడియో అయిపోయాక ఒక అనుమానం మిగిలిపోతుంది. ఆ రాజులకూ, ఆ యుద్ధాలకూ మన ఊరికీ ఏం సంబంధం?

నిజామాబాద్ జిల్లా కోటగిరి నుంచే ఈ ప్రశ్న వేసి చూద్దాం. చుట్టూ బోధన్, వర్ని, రుద్రూర్. నిజాంసాగర్ కాలువ నీళ్లు. ఒకప్పుడు చెరకు తోటలు, ఇప్పుడు ఎటు చూసినా వరి. బోధన్‌లో మూతపడ్డ నిజాం షుగర్ ఫ్యాక్టరీ. ప్రపంచ చరిత్ర మొదలు పెట్టడానికి ఇంతకంటే మంచి చోటు దొరకడం కష్టమే. ఎందుకంటే ప్రపంచాన్ని కలిపిన, కుదిపిన సరుకుల్లో చక్కెర ముందు వరసలో ఉంటుంది.

మొదటి ప్రశ్న: బోధన్‌కే ఫ్యాక్టరీ ఎందుకొచ్చింది?

"నిజాం పెట్టించాడు" అంటే సగం జవాబే. చరిత్రకారుడిని అడిగితే కథను కాస్త వెనక్కి తీసుకెళ్తారు.

ముందు నీళ్లు. మంజీరా నదిపై నిజాంసాగర్ పనులు 1923లో మొదలై 1931లో పూర్తయ్యాయి. ఇంజినీర్ నవాబ్ అలీ నవాజ్ జంగ్ పేరు ఈ ప్రాజెక్టుతో ముడిపడి ఉంది. ఆయకట్టు లక్ష్యం 2.75 లక్షల ఎకరాలు. కాలువ కింద తరి సాగు తెలిసిన రైతులు కావాలి. అలా గోదావరి, కృష్ణా జిల్లాల నుంచి కుటుంబాలు వచ్చి స్థిరపడ్డాయి. ఈ ప్రాంతంలో ఇప్పటికీ కొన్ని ఊళ్ల పేర్ల చివర 'క్యాంపు' అని ఉండటానికి కారణం ఇదే.

రెండోది ప్రపంచ మార్కెట్. అప్పట్లో మన దేశానికి చక్కెర ఎక్కువగా జావా దీవి నుంచి ఓడల్లో వచ్చేది. 1929 తర్వాత ప్రపంచమంతా ఆర్థిక మాంద్యంలో మునిగింది, ధరలు కూలాయి. 1932లో బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం విదేశీ చక్కెర మీద భారీ సుంకంతో రక్షణ చట్టం తెచ్చింది. ఫలితం చూడండి. 1931-32లో దేశంలో చక్కెర మిల్లులు 30 పైచిలుకు మాత్రమే. అయిదేళ్లు తిరిగేసరికి 130 దాటాయి. అదే సమయంలో జావాలో మిల్లులు ఒకదాని వెంట ఒకటి మూతపడ్డాయి.

బోధన్ ఫ్యాక్టరీ 1937-38లో వచ్చింది సరిగ్గా ఈ ఊపులోనే. కాలువ నీళ్లు, ప్రభుత్వ పెట్టుబడి, సుంకం అండ.. మూడూ కలిశాయి. అంటే జావాలో ఎక్కడో ఒక మిల్లు గేటుకు తాళం పడటానికీ, ఇక్కడ శక్కర్‌నగర్ కాలనీ వెలవడానికీ మధ్య ఒకే దారం ఉంది. ఊరి చరిత్ర, ప్రపంచ చరిత్ర వేరు వేరు కావని చరిత్రకారులు చెప్పేది దీన్నే.

రెండో ప్రశ్న: అసలు చక్కెర ఎవరిది?

దీనికి మాటల్లోనే సాక్ష్యం ఉంది. సంస్కృతంలో శర్కర. పర్షియన్‌లో షకర్. అరబ్బీలో సుక్కర్. ఇంగ్లిష్‌లో షుగర్. తెలంగాణ ఇళ్లల్లో 'శక్కర' అంటారు, కోస్తాలో పంచదార అంటారు. మాట ఏ దారిలో నడిచిందో సరుకు కూడా దాదాపు అదే దారిలో నడిచింది.

అలెగ్జాండర్ దండయాత్ర కాలంలో వచ్చిన గ్రీకులు ఇక్కడ తేనెటీగలు లేకుండానే తేనె ఇచ్చే గడ ఉందని ఆశ్చర్యపోయారు. చెరకు రసాన్ని గడ్డ కట్టించి పలుకులుగా మార్చే పనితనం మన దేశంలో బాగా ఎదిగింది. చైనా చక్రవర్తి తైజాంగ్ క్రీ.శ. 647లో ఆ విద్య నేర్చుకు రమ్మని మగధకు మనుషులను పంపించారు. అటు పడమటికి అరబ్బులు చెరకును ఈజిప్టు, సిసిలీ, స్పెయిన్ దాకా తీసుకెళ్లారు. 1493లో కొలంబస్ తన రెండో ప్రయాణంలో కరీబియన్ దీవులకు చెరకు మొక్కలు చేర్చారు. కథ మలుపు తిరిగింది అక్కడే.

మూడో ప్రశ్న: తీపి వెనక ఎవరి చెమట?

చెరకు పని ఎంత కష్టమో బోధన్ ప్రాంతం రైతుకు చెప్పక్కర్లేదు. కొట్టిన చెరకు ఎక్కువ సేపు ఆగదు. ఆలస్యమైతే బరువు తగ్గుతుంది, తీపి తగ్గుతుంది. కొట్టడం, మోయడం, గానుగాడటం అంతా గడియారంతో పరుగు. కరీబియన్‌లో, బ్రెజిల్‌లో యూరప్ తోటల యజమానులు ఈ పనికి ఆఫ్రికా నుంచి మనుషులను బానిసలుగా పట్టుకొచ్చారు. దాదాపు 350 ఏళ్లలో సుమారు 1.25 కోట్ల మందిని ఓడలెక్కించారని, అందులో దాదాపు 1.07 కోట్ల మందే ప్రాణాలతో ఒడ్డుకు చేరారని ఓడల రికార్డులను పరిశోధకులు లెక్కగట్టారు. వాళ్లలో ఎక్కువమంది వెళ్లింది చెరకు తోటలకే.

ఎదురుదెబ్బ కూడా చెరకు తోటల్లోనే మొదలైంది. 1791లో ఫ్రెంచి వలస సెయింట్ డొమింగ్‌లో బానిసలు తిరగబడ్డారు. 1804లో అదే హైతీ అనే స్వతంత్ర దేశమైంది. చక్కెర కొరత వచ్చింది. దానికి తోడు సముద్రంపై బ్రిటన్ పట్టు. దాంతో నెపోలియన్ బీట్ దుంప నుంచి చక్కెర తీయడాన్ని ప్రోత్సహించారు.

నాలుగో ప్రశ్న: ఇందులో తెలుగువాళ్లు ఎక్కడున్నారు?

మధ్యలోనే ఉన్నారు. బ్రిటిష్ సామ్రాజ్యంలో 1834లో బానిసత్వం రద్దు అమల్లోకి వచ్చింది. తోటలకు కూలీలు కావాలి. అప్పుడు ఒప్పందం మీద భారతీయులను తరలించడం పెరిగింది. 'అగ్రిమెంట్' అనే మాటే నోట్లో నలిగి 'గిర్మిట్' అయింది. వెళ్లినవాళ్లు గిర్మిటియాలు.

కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద మారిషస్‌లో తెలుగువాళ్లకు 'కోరంగీలు' అనే పేరు పడింది. 1860 నవంబర్ 16న మద్రాసు నుంచి 'ట్రూరో' ఓడ దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. నటాల్ చెరకు తోటలకు భారతీయ కూలీలతో వెళ్లిన మొదటి ఓడ అది. తర్వాతి ఏళ్లలో తెలుగు కుటుంబాలు అక్కడ పెద్ద సంఖ్యలోనే స్థిరపడ్డాయి. ఫిజీకి 1879 నుంచి 1916 దాకా 60 వేల మందికి పైగా వెళ్లారు. 1903 నుంచి మద్రాసు రేవు కూడా తెరవడంతో తెలుగు, తమిళ కూలీలు వెళ్లారు. అక్కడి తెలుగువాళ్లు 1941లో దక్షిణ ఇండియా ఆంధ్ర సంగం పెట్టుకున్నారు.

ఇక్కడ ఒక చరిత్రకారుడి పేరు చెప్పుకోవాలి. బ్రిజ్ విలాశ్ లాల్. ఫిజీలో పుట్టారు. తాత గిర్మిటియా. వెళ్లినవాళ్లంతా ఏ దిక్కూ లేనివాళ్లేనని, అట్టడుగు కులాలవాళ్లేనని అప్పటిదాకా ఒక అభిప్రాయం ఉండేది. లాల్ ఉత్తర భారతం నుంచి ఫిజీకి వెళ్లిన 45,439 మంది వలస పాసులు ఒక్కొక్కటీ తిరగేశారు. పేరు, ఊరు, కులం, వయసు లెక్క తీశారు. అన్ని కులాలవాళ్లూ ఉన్నారని తేలింది. ఇంట్లో తాత చెప్పిన కథ, ఆఫీసులో దొరికిన కాగితం.. రెండూ పక్కపక్కన పెట్టి చూడటమే ఆయన చేసిన పని.

చరిత్రకారులే ఒక మాట మీద లేకపోతే?

వీడియోల కింద కామెంట్లలో ఎక్కువగా కనిపించే కోపం ఇదే. "ఒకాయన ఒకటి చెప్తాడు, ఇంకొకాయన ఇంకొకటి. ఎవరిని నమ్మాలె?"

ఒక ఉదాహరణ. ట్రినిడాడ్‌కు చెందిన ఎరిక్ విలియమ్స్ 1944లో ఒక పుస్తకం రాశారు. బానిసల శ్రమతో వచ్చిన లాభాలు బ్రిటన్ పారిశ్రామిక విప్లవానికి ఊతమిచ్చాయని, తోటల లాభం తగ్గాకే బానిసత్వం రద్దు దారి సుగమమైందని ఆయన వాదన. తర్వాత ఆయనే ఆ దేశానికి ప్రధాని అయ్యారు. 1977లో అమెరికా చరిత్రకారుడు సేమర్ డ్రెషర్ దీన్ని ఎదిరించారు. రద్దు నాటికి తోటల వ్యాపారం పడిపోలేదని లెక్కలు ముందుపెట్టారు. ఈ చర్చ ఇంకా నడుస్తూనే ఉంది.

కానీ ఒకటి గమనించండి. బానిసత్వం జరిగిందా లేదా అన్న దాని మీద ఇద్దరికీ తగాదా లేదు. తగాదా అంతా 'ఎందుకు' అన్న దాని మీదే. జరిగింది ఏంటి, దానికి కారణం ఏంటి.. ఈ రెండూ విడదీసి వింటే సగం గందరగోళం పోతుంది.

బోధన్ విషయంలోనూ అంతే. దక్షిణాన ఉన్న ఏకైక మహాజనపదం అస్మక. దాని రాజధాని పోతన లేదా పోదన. బోధనే ఆ పోదన అని చాలామంది చరిత్రకారులు గుర్తించారు. పేరు పోలిక, గోదావరి తీరం గురించి బౌద్ధ గ్రంథాల ప్రస్తావన ఆధారాలు. అస్మక ఉందన్నది ఒక విషయం. అది ఇదే ఊరు అన్నది ఆధారాలతో చేసిన గుర్తింపు. రెండింటి బలం ఒకటి కాదు.

వీడియో చూసేటప్పుడు ఈ మూడు ప్రశ్నలు

ఒకటి, ఇది ఎట్లా తెలిసింది? శాసనమా, రికార్డా, ఎవరో చెప్పగా విన్నదా? అసలు ఆధారమే చెప్పకుండా గంట మాట్లాడితే అనుమానించాల్సిందే.

రెండు, ఏ ఏడాది, ఏ లెక్క? నిజాం షుగర్స్ ఒకప్పుడు ఆసియాలోనే అతి పెద్దదని ఇక్కడ అందరూ గర్వంగా చెప్పుకుంటారు. చరిత్రకారుడైతే వెంటనే అడిగేది.. ఏ సంవత్సరంలో? రోజుకు ఆడించిన చెరకులోనా, చక్కెర ఉత్పత్తిలోనా, భూముల విస్తీర్ణంలోనా? ఇది ఊరిని తక్కువ చేయడం కాదు. గర్వానికి గట్టి పునాది వేయడం.

మూడు, ఎవరి గొంతు వినిపించలేదు? నిజాం పేరు ఉంటుంది, ఇంజినీర్ పేరు ఉంటుంది. చెరకు కొట్టిన కూలీ, బాయిలర్ దగ్గర షిఫ్టు చేసిన కార్మికుడు, కటింగ్ ఆర్డర్ కోసం రోజుల తరబడి ఎదురుచూసిన రైతు.. వీళ్ల మాట ఏ కాగితంలో ఉంది?

ఇప్పుడే ఎందుకు?

2015 డిసెంబర్ 23న బోధన్‌తో పాటు మెట్‌పల్లి, మెదక్ యూనిట్లలోనూ లేఆఫ్ ప్రకటించారు. గానుగ ఆగింది. ఫ్యాక్టరీని మళ్లీ తెరిపించడం ప్రభుత్వాల చేతుల్లోని పని. కానీ దాని జ్ఞాపకం మాత్రం ఊరి చేతుల్లోనే ఉంది. 1960లో 20 ఏళ్లకు పనిలో చేరిన కార్మికుడికి ఇప్పుడు 85 ఏళ్లు దాటాయి. ఆ తరం వెళ్లిపోతే ఆ మాట మళ్లీ దొరకదు.

వీడియోలు చూసే ఫోనే రికార్డర్ కూడా. ఇంట్లో తాతనో, పక్కింటి పెద్దమనిషినో అడగొచ్చు. ముందు వాళ్ల అనుమతి తీసుకోవాలి. "అప్పట్లో బాగుండేదా?" అని అడిగితే అవును, కాదు దగ్గర మాట ఆగిపోతుంది. "మొదటి రోజు ఎట్ల వెళ్లిన్రు? మొదటి జీతం ఎంత? చెరకు బండి గేటు దగ్గర ఎంతసేపు ఆగేది?" అని అడిగితే కథ కదులుతుంది. ఏడాది గుర్తులేకపోతే పోలీస్ యాక్షన్‌కు ముందా తర్వాతా, ఫలానా వాళ్ల పెళ్లికి ముందా తర్వాతా అని అడిగితే సరి. పాత జీతం చీటీ, చెరకు తూకం రసీదు ఉంటే ఫొటో తీసి పెట్టుకోవాలి. ఒక కాపీ ఫోన్‌లో, ఇంకో కాపీ వేరే చోట.

నిజాం కాలం సర్కారు కాగితాలు హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. చాలావరకు ఉర్దూ, పర్షియన్‌లో ఉంటాయి. వాటిని చదవగలిగిన పరిశోధకుడికి ఊరివాళ్ల మాట కావాలి. ఊరివాళ్లకు ఆ కాగితంలో ఏముందో కావాలి. ఈ రెండూ కలిసినప్పుడే కోటగిరి కథ జావా, ఫిజీ, హైతీ కథల పక్కన నిలబడుతుంది.