హద్దు మీది ఇంటర్‌ఛేంజ్: ఖర్చులో ఎవరి వాటా ఎంత?

కాలిఫోర్నియాలో ఓక్లండ్‌కు తూర్పున ఉన్న ట్రై-వ్యాలీ ప్రాంతంలో ఇంటర్‌స్టేట్ 580 ఒక ఫ్రీవే మాత్రమే కాదు, ఉత్తరాన ఉన్న డబ్లిన్ నగరానికీ దక్షిణాన ఉన్న ప్లెజంటన్‌కీ హద్దు కూడా. వంతెన దాటగానే రోడ్డు పేరు మారిపోతుంది. హాప్‌యార్డ్ రోడ్డు డోహర్టీ అవుతుంది, శాంటా రీటా టసహారా అవుతుంది, ఎల్ చారో ఫాలన్ అవుతుంది. పేర్లు రెండైనా వంతెన ఒక్కటే. తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడిన ఈ ప్రాంతంలో ఉదయం పూట ఆ ర్యాంపుల మీద బారులు తీరేవారిలో చాలామందికి, వాటి విస్తరణ ఖర్చులో కొంత తమ ఇంటి ధరలోనే కలిసి ఉండవచ్చునన్న సంగతి తట్టదు.

ఫ్రీవే రాష్ట్రానిది, నిర్వహణ రాష్ట్ర రవాణా శాఖ కాల్‌ట్రాన్స్‌ది. అయితే స్థానికంగా కొత్త కాలనీలు, దుకాణాలు వచ్చినందువల్ల ఇంటర్‌ఛేంజ్‌ను పెంచవలసి వస్తే, ఆ ఖర్చు సాధారణంగా స్థానిక సంస్థల మీదే పడుతుంది. 1978లో ప్రాపొజిషన్ 13 ఆస్తిపన్నుకు కళ్ళెం వేసిన తరువాత, కొత్త నిర్మాణాల మీద రుసుము విధించడం నగరాలకు మరింత ముఖ్యమైన ఆదాయమార్గమైంది. 1987లో శాసనసభ ఆమోదించిన మిటిగేషన్ ఫీ చట్టం దీనికి హద్దులు గీసింది. రుసుముకూ, ఆ నిర్మాణం కలిగించే భారానికీ సహేతుకమైన సంబంధం ఉండాలి. ఇప్పటికే ఉన్న లోటును కొత్తగా వచ్చేవారి నెత్తిన రుద్దకూడదు.

ఆ భారాన్ని కొలవడానికి కాల్‌ట్రాన్స్ 2002 నాటి మార్గదర్శిలో ఒక సూత్రాన్ని ఇచ్చింది. రద్దీ గంటలో ప్రాజెక్టు వల్ల అదనంగా వచ్చే వాహనాలను, భవిష్యత్తులో ఆశించే రద్దీకీ నేటి రద్దీకీ ఉన్న తేడాతో భాగించాలి. నేటి రద్దీలో, అనుమతి పొంది ఇంకా కట్టని ప్రాజెక్టుల వాహనాలు కూడా చేరతాయి.

లెక్క కోసం ఇలా అనుకుందాం. ఇప్పుడు గంటకు 3,000 వాహనాలు, ఇరవై ఏళ్ళకు 5,000. విస్తరణకు 4 కోట్ల డాలర్లు. ఒక కాలనీ వల్ల 200 వాహనాలు పెరిగితే దాని వాటా 2,000లో 200, అంటే 10 శాతం, 40 లక్షల డాలర్లు. మొత్తం 5,000తో భాగించి ఉంటే 16 లక్షలే అయ్యేది. అంటే పెరుగుదల భారం పెరుగుదలదే, పాతవారిది కాదు అన్న నిర్ణయం భాగహారంలోనే ఇమిడి ఉంది. ఇక్కడిదాకా పెద్ద పేచీ లేదు.

పేచీ అంతా కాలక్రమంలో వస్తుంది. కొన్నేళ్ళకు పక్క నగరం 1,000 వాహనాలకు సరిపడా నిర్మాణాలను అనుమతించిందనుకుందాం. నేటి రద్దీ 4,000 అవుతుంది. తేడా 1,000కి దిగుతుంది. ఇప్పుడు అదే 200 వాహనాల కాలనీ వాటా 20 శాతం. పక్క నగరం తన వంతు 2 కోట్లు వసూలు చేసి ఉంటే, మిగిలిన 2 కోట్లలో 20 శాతం మళ్ళీ 40 లక్షలే. లెక్క న్యాయంగా సరిపోతుంది. వసూలు చేయకపోతే వాటా 80 లక్షలవుతుంది. అంత అడిగితే చట్టం ఊరుకోదు. అడగకపోతే ఆ లోటును ఎవరు పూడ్చాలి? ముందు వచ్చినవాడు చెల్లించాడా లేదా అన్నదాని మీదే ఈ సూత్రపు న్యాయమంతా నిలిచి ఉంది.

చెల్లించకపోవడానికి ప్రలోభం కూడా తక్కువేమీ కాదు. సేల్స్ టాక్స్‌లో స్థానిక వాటా అయిన 1 శాతం, దుకాణం ఏ నగరంలో ఉంటే ఆ నగరానికే చెందుతుంది. ఎల్ చారో రోడ్డు పక్కన 2012లో తెరచిన అవుట్‌లెట్ దుకాణాలు లివర్‌మోర్ పరిధిలోవి. అక్కడికి వెళ్ళే కార్లు మాత్రం మూడు నగరాలకూ చెందిన కూడలిని వాడుకుంటాయి. పన్ను హద్దు దగ్గర ఆగుతుంది, కార్లు ఆగవు.

ఒకప్పుడు పొరుగు నగరానికి పర్యావరణ సమీక్ష చట్టం ఒక పట్టు ఇచ్చేది. ప్రాంగణం బయట కలిగే ప్రభావాలకు తన వాటా చెల్లించే బాధ్యత నుండి కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ తప్పుకోలేదని రాష్ట్ర సుప్రీంకోర్టు 2006లో మరీనా నగరం కేసులో చెప్పింది. అయితే 2013 నాటి ఎస్‌బీ 743 చట్టం ఫలితంగా, 2020 జులై 1 నుండి ఆ సమీక్షలో వాహనాల ఆలస్యం స్థానంలో వాహనాలు నడిచే మొత్తం మైళ్ళు ప్రమాణమయ్యాయి. పర్యావరణ దృష్టితో ఇది సబబే. దారిని వెడల్పు చేస్తే కార్లు పెరుగుతాయి. కాని, ర్యాంపు మీద బారు పెరుగుతోందన్న పొరుగువాని అభ్యంతరానికి ఆ వేదిక మీద పూర్వపు బలం లేకుండా పోయింది.

అందుకే ఉమ్మడి నిధుల అవసరం మరింత పెరిగింది. ట్రై-వ్యాలీలో ఐదు పురపాలికలు, రెండు కౌంటీలు కలిసి ఏర్పరచుకున్న మండలి ప్రాంతమంతటా ఒకే రుసుము విధిస్తుంది. దక్షిణాన పశ్చిమ రివర్‌సైడ్ కౌంటీ నగరాలు 2003లో ఇలాంటి పథకాన్నే మొదలుపెట్టాయి. ఆ రుసుములను బోమాంట్ నగరం ఉమ్మడి సంస్థకు జమచేయలేదన్న వివాదం కోర్టుకెక్కింది. 2014లో న్యాయస్థానం సుమారు 4.3 కోట్ల డాలర్లు బాకీ అని తేల్చింది. ఒక చిన్న నగరానికి అది తలకు మించిన భారం.

ఇక ఇలాంటి రుసుముల పట్టికలకే కొత్త ప్రశ్న ఎదురైంది. ఎల్ డొరాడో కౌంటీలో ఒక చిన్న రెడీమేడ్ ఇల్లు పెట్టుకోవడానికి అనుమతి కోరిన వ్యక్తిని 23,420 డాలర్ల ట్రాఫిక్ రుసుము కట్టమన్నారు. శాసనం ద్వారా విధించిన రుసుమైనా, ఆ ఇంటి ప్రభావానికి అనుపాతంలో ఉండాలన్న రాజ్యాంగ పరీక్ష నుండి మినహాయింపు పొందదని 2024 ఏప్రిల్‌లో అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. ప్రతి ఇంటికీ విడిగా లెక్క కట్టాలా, లేక ఒక తరగతి ఇళ్ళన్నిటికీ సగటు సరిపోతుందా అన్నదాన్ని మాత్రం తేల్చకుండా కింది కోర్టులకు వదిలింది.