నేల అదిరితే

2024 డిసెంబరులో ప్రకాశం జిల్లా ముండ్లమూరు, తాళ్లూరు మండలాల్లో వరసగా మూడు రోజులు నేల అదిరింది. జనం బయటికి ఉరికారు.

ఇది మనకు కొత్తేమీ కాదు. 1967 మార్చి 27న ఒంగోలు దగ్గర ఇంకా పెద్ద భూకంపమే వచ్చింది. అప్పటికి ఒంగోలు గుంటూరు జిల్లాలోనే ఉండేది.

భూమి లోపల రాతిపొరల్లో పగుళ్లున్నాయి. ఒత్తిడి పెరిగితే ఆ రాళ్లు ఒక్కసారిగా జరుగుతాయి. పైన మన ఇల్లు ఊగుతుంది. ఏ రోజు వస్తుందో ఎవరూ చెప్పలేరు.

ప్రాణాలు తీసేది కూలిన గోడలే. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున మహారాష్ట్రలోని లాతూరు ప్రాంతంలో మట్టితో పేర్చిన రాతిగోడలు నిద్రపోతున్నవాళ్ల మీద పడ్డాయి. వేలమంది పోయారు.

కొత్త ఇల్లు కడుతున్నారా? గుమ్మాల పైన, గోడల చుట్టూ ఇనప కడ్డీలతో కాంక్రీటు పట్టీ వేయమని మేస్త్రీతో చెప్పండి. ఖర్చే, కాదనం. పాత ఇల్లయితే మంచం పైనున్న అటక మీంచి ఇత్తడి బిందెలు ఇవాళే దించండి.