కంచంలో అన్నం ఉన్నా ఆకలే!

బందరు నుంచి గుడివాడ వెళ్ళే బస్సులో ఎప్పుడైనా కిటికీ పక్కన కూర్చున్నారా? కనుచూపు మేర వరిచేలే. దివిసీమకు వెళ్ళినా అంతే. కాని 1833లో ఇదే ప్రాంతం ఘోరమైన కరువు పాలైంది. 1855లో బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట పూర్తయ్యాక ఇక్కడ మెతుకుకు కొదవ లేకుండా పోయింది.

మరి తిండి పుష్కలంగా ఉన్న ఇంట్లో ఎవరైనా ఆకలితో కృశించిపోతారా? పోతారు. అది కరువు కాదు, జబ్బు. దాని పేరు అనొరెక్సియా నెర్వోసా. 

పేరు ఒకటి, తీరు ఒకటి

గ్రీకు భాషలో ‘అనొరెక్సియా’ అంటే ఆకలి లేకపోవడం. ఈ పేరును 1874లో అచ్చయిన వ్యాసంలో విలియం గల్ అనే లండన్ వైద్యుడు వాడాడు. నిజానికి ఈ రోగుల్లో చాలామందికి ఆకలి వేస్తుంది. దాన్ని అణచుకుంటారు. బక్కచిక్కిపోయినా తాము లావుగా ఉన్నామనే అనుకుంటారు. కార్తీకమాసంలో మీ అమ్మమ్మ చేసే ఉపవాసానికీ దీనికీ పోలిక లేదు. ఆమె పొద్దు గుంకగానే నక్షత్రం చూసి భోంచేస్తుంది. ఈ రోగి తినాలన్నా తినలేని స్థితికి చేరుతుంది.

ఇది ఎవరికి వస్తుంది?

“డబ్బున్న ఇళ్ళ ఆడపిల్లలకు వచ్చే జబ్బు” అని చాలామంది అనుకుంటారు. 1689లో రిచర్డ్ మోర్టన్ అనే ఆంగ్ల వైద్యుడు క్షయ గురించి పుస్తకం రాస్తూ, క్షయ లేకుండానే చిక్కిపోయిన ఇద్దరిని వర్ణించాడు. ఒకరు 18 ఏళ్ళ అమ్మాయి, రెండోవారు 16 ఏళ్ళ అబ్బాయి! అంటే మొదటి వర్ణనలోనే మగపిల్లవాడు ఉన్నాడన్నమాట.

అనేక అధ్యయనాలను కలిపి చూస్తే, జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ జబ్బు బారిన పడేవారు స్త్రీలలో నూటికి నలుగురి వరకు, పురుషులలో వెయ్యికి ముగ్గురి వరకు ఉంటారు. ఎక్కువగా మొదలయ్యేది మీ వయసులోనే.

మన దేశమూ దీనికి మినహాయింపు కాదు. 1995లో ఢిల్లీ వైద్యులు ఇలాంటి ఐదుగురు యువతుల గురించి రాశారు. వారు తిండి మానేసి బాగా చిక్కిపోయారు. అయితే లావవుతామన్న భయం వారిలో కనిపించలేదు. జబ్బు ఒకటే అయినా అన్నిచోట్లా ఒకే వేషంలో రాదు.

ఇక ఫిజీ సంగతి చూడండి. 1903 నుంచి ఎందరో తెలుగువాళ్ళు చెరకుతోటల పనికి వెళ్ళిన దీవులివి. అక్కడి స్థానిక ఫిజియన్లు బొద్దుగా ఉండటాన్నే అందమనుకునేవారు. 1995లో ఒక ప్రాంతానికి టెలివిజన్ వచ్చింది. ఆన్ బెకర్ అనే పరిశోధకురాలు అక్కడి స్థానిక బాలికలను ప్రశ్నించింది. తిండి విషయంలో అనారోగ్యకరమైన ధోరణి 1995లో నూటికి 13 మందిలో ఉంటే, 1998 నాటికి 29 మందిలో కనిపించింది! వీరందరికీ జబ్బు ఉందని కాదు. కాని బొమ్మలు చూసి మన ఒంటిని మనమే అసహ్యించుకోవడం ఎంత తేలికో దీన్నిబట్టి తెలుస్తోంది.

అయితే టీవీ చూసిన వారందరికీ ఈ జబ్బు రాదు. 2019లో దాదాపు 17,000 మంది రోగుల జన్యువులను పరిశీలించగా, ఈ జబ్బుతో సంబంధమున్న చోట్లు ఎనిమిది కనిపించాయి. పుట్టుకతో వచ్చే స్వభావమూ, పరిసరాలూ కలిస్తేనే జబ్బు.

ఆకలి మెదడును ఏం చేస్తుంది?

1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు, వారి ఇష్టం మీదే, ఆరు నెలలు అరకొర తిండి పెట్టాడు. వారి గుండె వేగం తగ్గింది. ఎప్పుడూ చలి వేసేది. నవ్వు పోయి చిరాకు వచ్చింది. పగలూ రాత్రీ తిండి ధ్యాసే! ఆకలి ఒంటినే కాదు, ఆలోచనను కూడా మార్చేస్తుంది. అందుకే “మొండితనం, తింటే సరిపోతుందిగా” అని రోగిని కసిరితే లాభం లేదు.

ఈ జబ్బులో ఎముకలు గుల్లబారతాయి, బహిష్టులు ఆగిపోతాయి, గుండె లయ తప్పుతుంది. మానసిక వ్యాధుల్లో ఎక్కువ ప్రాణాలు తీసేవాటిలో ఇదొకటి.

నేను చేసిన పొరపాటు

ఒక ఏడాది నా తరగతిలో ఒక అమ్మాయి రోజూ తన క్యారేజీ స్నేహితురాళ్ళకు పంచేసేది. చదువులో ముందుండేది. “ఎంత నిగ్రహం!” అని నలుగురిలో మెచ్చుకున్నాను. కొన్ని నెలల తర్వాత మెట్లెక్కుతూ కూలబడింది. నేను మెచ్చుకున్నది నిగ్రహాన్ని కాదు, జబ్బునని డాక్టరు చెప్పాకే తెలిసింది. ఏడాదికి పైగా వైద్యం జరిగింది. ఇప్పుడు కులాసాగా ఉంది.

సన్నగా ఉన్నవారందరికీ ఈ జబ్బు ఉందని అనుకోకండి. రక్తహీనత, క్షయ, నులిపురుగులు కూడా మనిషిని చిక్కిస్తాయి. తేల్చవలసింది డాక్టరే. కాని మీ స్నేహితురాలో స్నేహితుడో రోజూ తిండి తప్పించుకుంటుంటే, ఎప్పుడూ బరువు గురించే బెంగపడుతుంటే, “బక్కపలచన”, “బొండాం” అని ఎగతాళి చేయకండి. పక్కన కూర్చుని పలకరించండి. అమ్మతోనో, మాస్టారితోనో చెప్పండి. అది చాడీ కాదు. టెలిమానస్ వారి 14416 నంబరుకు ఫోన్ చేస్తే పైసా ఖర్చు లేకుండా తెలుగులోనే సలహా చెబుతారు. ఎంత త్వరగా గుర్తిస్తే అంత త్వరగా నయమవుతుంది.

రేపు మధ్యాహ్నం బడిలో క్యారేజీ విప్పేటప్పుడు ఒక్కసారి చుట్టూ చూడండి. తినకుండా కూర్చున్నవారెవరైనా ఉన్నారేమో!