భాగం 7: కొర్ర అన్నానికి తగిన జోడింపులు – కర్నూలు, కడప ప్రాంతాల భోజనం ఆధారంగా

7.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
• కొర్ర గింజ రుచిని, ఉడికే తీరును వివరించగలుగుతారు.
• కొర్ర అన్నంతో ఏ రుచులు కలుస్తాయో, ఎందుకు కలుస్తాయో చెప్పగలుగుతారు.
• పప్పు, పులుపు, నూనెగింజల వల్ల పోషకాల పరంగా కలిగే మేలును గుర్తించగలుగుతారు.
• ఇంట్లో ఉన్న దినుసులతో ఒక పూట భోజనాన్ని సమకూర్చుకోగలుగుతారు.

7.1 పరిచయం

ఇటీవల చాలా ఇళ్ళలోకి కొర్రలు మళ్ళీ వచ్చాయి. ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన తరవాత వీటి పేరు మరింతగా వినిపిస్తోంది. మధుమేహం ఉన్నవారు వరి అన్నం తగ్గించి వీటిని తెచ్చుకుంటున్నారు. అయితే చాలా చోట్ల జరిగేది ఒకటే. కొర్ర అన్నం వండి, రోజూ పోసుకునే పలుచని చారే పోసుకుంటారు. ముద్ద కలవదు, గొంతు పట్టినట్లు ఉంటుంది. నాలుగు రోజులకు కొర్రల డబ్బా అటకెక్కుతుంది. ఇందులో గింజ లోపం లేదు. వరికి కుదిరిన జోడింపు కొర్రకు కుదరకపోవడమే అసలు కారణం.

కర్నూలు, కడప జిల్లాల మెట్ట ఊళ్ళలో కొర్ర, జొన్న, సజ్జ, రాగి ఒకప్పుడు నిత్యాహారం. 19వ శతాబ్దంలో వచ్చిన కర్నూలు–కడప కాలువ కొన్ని ఊళ్ళకు నీరిచ్చి వరి పండించింది. 1983లో మొదలైన కిలో రెండు రూపాయల బియ్యం పథకం పేద ఇళ్ళకు కూడా వరి అన్నాన్ని దగ్గర చేసింది. కొర్ర అన్నం తగ్గిన ఇంట్లో, దానితో ఏం తినాలన్న తెలివిడి కూడా తగ్గుతుంది. గింజను తిరిగి తెచ్చుకున్నంత మాత్రాన సరిపోదు, దాని తోడును కూడా తెచ్చుకోవాలి. ఆ తోడును ఎంచుకునే పద్ధతిని ఇప్పుడు తెలుసుకుందాం.

7.2 కొర్ర గింజ గుణాలు

జోడింపు ఎంచుకునే ముందు గింజ ఎలాంటిదో తెలియాలి. కొర్రకు మూడు ముఖ్య గుణాలు ఉన్నాయి.

మొదటిది, దీని రుచి మెత్తనిది. కొంచెం వేయించిన గింజల వాసన, వెనక లీలగా వగరు ఉంటాయి. తీపి గాని, పులుపు గాని దీనికి సొంతంగా లేవు. కాబట్టి పక్కన ఉన్న రుచిని ఇది తేలికగా తీసుకుంటుంది.

రెండవది, ఉడికినా గింజలు విడివిడిగా ఉంటాయి. పలుచని చారు వాటి మధ్య నుంచి జారి పళ్ళెం అడుగుకు చేరుతుంది. చిక్కటి పప్పు, పులుసు అయితే గింజను అంటిపెట్టుకుంటాయి.

మూడవది, చల్లారితే త్వరగా పొడిబారుతుంది. అందువల్ల తడి, నూనె రెండూ అవసరం.

వండేటప్పుడు కొర్రలను కడిగి కనీసం అరగంట నానబెట్టండి. గ్లాసు కొర్రలకు రెండు నుంచి రెండున్నర గ్లాసుల నీళ్ళు పోయండి. ఉడికిన తరవాత మూత తీయకుండా పది నిమిషాలు ఉంచితే గింజ లోపలి దాకా మెత్తబడుతుంది. పులిహోర వంటి వాటికి నీళ్ళు కొద్దిగా తగ్గించండి. సంగటిలాగా మెత్తగా కావాలంటే పెంచండి.

7.3 జోడింపు సూత్రాలు

అ) పులుపు: పులుపు తగిలితే నోట్లో లాలాజలం ఊరుతుంది. పొడిగా ఉండే అన్నం మింగడం సులభమవుతుంది, వగరు కూడా మరుగున పడుతుంది. చింతపండు, చింతచిగురు, గోంగూర, చుక్కకూర, టమాట, మామిడికాయ, నిమ్మకాయ అన్నీ ఇందుకు పనికి వస్తాయి. రాయలసీమ ఇళ్ళలో చేసే పుల్లగూర కొర్ర అన్నంతో బాగా కలవడానికి కారణం ఇదే. అందులో పులుపూ ఉంది, చిక్కదనమూ ఉంది.

ఆ) నూనె, కమ్మదనం: తాలింపులోని ఆవాలు, ఇంగువ, కరివేపాకు, వెల్లుల్లి వాసనలను గింజకు చేర్చేది నూనె. వేరుశనగలు నూనెతో పాటు కరకరను కూడా ఇస్తాయి. మెత్తని చిన్న గింజల మధ్య అక్కడక్కడ ఒక గట్టి పలుకు తగిలితే ముద్దకు విసుగు రాదు. వేరుశనగలు, మిరపకాయలు కలిపి నూరే ఊరిబిండిని రాగి సంగటితో తింటారు. అదే ఊరిబిండి కొర్ర అన్నానికి కూడా చక్కగా సరిపోతుంది. నువ్వుల పొడి కూడా ఇటువంటిదే.

ఇ) పప్పు: ఇక్కడ రుచి, పోషణ కలిసి వస్తాయి. జాతీయ పోషకాహార సంస్థ ప్రచురించిన పాత పట్టికల ప్రకారం 100 గ్రాముల కొర్రలలో మాంసకృత్తులు 12.3 గ్రాములు, పాలిష్ పట్టిన బియ్యంలో 6.8 గ్రాములు. కానీ కొర్రల మాంసకృత్తులలో లైసిన్ అనే ఆవశ్యక ఆమైనో ఆమ్లం తక్కువ. పప్పులలో లైసిన్ ఎక్కువ, మెథియోనిన్ తక్కువ. రెండూ కలిస్తే ఒకదాని కొరతను మరొకటి పూరిస్తుంది. సుమారుగా మూడు వంతుల ధాన్యానికి ఒక వంతు పప్పు అన్న లెక్క గుర్తుంచుకోండి. కందిపప్పు, పెసరపప్పు, అలసందలు, ఉలవలు ఏవైనా సరే.

ఈ) కారం: కొర్ర మెత్తని రుచి గలది కనుక ఎండుమిరప, వెల్లుల్లి వంటి ఘాటును తట్టుకుంటుంది. నాటుకోడి పులుసు, వెల్లుల్లి కారం దీనికి ఎక్కువ కావు. అయితే పులుపు గాని, నూనె గాని లేకుండా కారం మాత్రమే వేస్తే ముద్ద మరింత పొడిగా అనిపిస్తుంది. కారానికి ఆ రెండింటిలో ఒకటైనా తోడు ఉండాలి.

7.4 పొలంలో తోడు, పళ్ళెంలో తోడు

పైన చెప్పిన దినుసులను గమనించండి. కంది, వేరుశనగ, ఉలవ, చింత, మిరప అన్నీ ఈ ప్రాంతపు మెట్టలో కనిపించేవే. ఇక్కడ ఏడాదికి కురిసే వాన సుమారు 650 నుంచి 700 మిల్లీమీటర్లు, అదీ నమ్మకం లేనిది. కొర్ర సుమారు 75 నుంచి 90 రోజులలో కోతకు వస్తుంది. కంది అదే చేలో మరికొన్ని నెలలు నిలుస్తుంది. అందుకే ఐదు సాళ్ళు కొర్ర, ఒక సాలు కంది వేసే అంతరపంటను వ్యవసాయ శాస్త్రజ్ఞులు సిఫారసు చేస్తారు. ఒక పంట ఎండినా రెండవది దక్కుతుంది. నంద్యాలలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి వచ్చిన ‘సూర్యనంది’ వంటి కొర్ర రకాలు ఇటువంటి మెట్టకు పనికి వచ్చేవే.

చేలో పక్కపక్కన పెరిగిన కొర్ర, కంది పళ్ళెంలో కూడా ఒకదానికొకటి తోడవుతాయి. కాబట్టి కొత్త గింజకు జోడింపు వెతికేటప్పుడు ‘ఇది పండే నేలలో ఇంకేమి పండుతాయి?’ అని అడగడం మంచి మొదటి ప్రశ్న.

7.5 ఒక పోలిక: పెర్ల్ కూస్‌కూస్

ఈ సూత్రాలు కొర్రకే పరిమితం కావు. నగరాల దుకాణాలలో ఇప్పుడు కనిపించే పెర్ల్ కూస్‌కూస్‌ను చూడండి. పేరుకు, రూపానికి ధాన్యంలా ఉన్నా ఇది గోధుమపిండితో చేసి వేయించిన చిన్న గుండ్రని పూస. 1950లలో ఇజ్రాయెల్‌లో బియ్యం కొరతగా ఉన్నప్పుడు దీనిని బియ్యానికి బదులుగా తయారుచేశారు. దీని రుచి కూడా మెత్తనిదే, పూసలు కూడా విడివిడిగానే ఉంటాయి. అక్కడివారు దీనితో నిమ్మరసం, ఆలివ్ నూనె, శనగలు, వేయించిన కూరగాయలు, కొత్తిమీర వంటి ఆకులు కలుపుతారు. పులుపు, నూనె, పప్పుధాన్యం, కరకర – దినుసులు మారినా సూత్రం మారలేదు. మీకు పెర్ల్ కూస్‌కూస్ దొరికితే నిమ్మకాయ, వేరుశనగలు, ఉడికించిన శనగలు, కరివేపాకు తాలింపుతో చేసుకోవచ్చు. అయితే ఇది గోధుమ కనుక గ్లూటెన్ పడనివారు తినకూడదు. కొర్రలలో గ్లూటెన్ లేదు.

7.6 ఒక పూట భోజనాన్ని ఎంచుకోవడం

• ఉదయం: మూడు వంతుల కొర్రలు, ఒక వంతు పెసరపప్పుతో మిరియాల పొంగలి. పక్కన వేరుశనగ పచ్చడి.
• మధ్యాహ్నం: కొర్ర అన్నం, గోంగూర పప్పు, పచ్చి ఉల్లిపాయ ముక్కలు. చివర మజ్జిగ.
• ప్రయాణానికి: చింతపండు పులిహోర. గ్లాసు కొర్రలకు నిమ్మకాయంత చింతపండు, పావు గ్లాసు వేయించిన వేరుశనగలు.
• వేసవిలో: మామిడికాయ తురుముతో పులిహోర.
• రాత్రి: చిక్కటి ఉలవచారు, కొర్ర అన్నం. మాంసాహారులకు నాటుకోడి పులుసు.
• తీపికి: కొర్ర పాయసం. బెల్లం, కొబ్బరి దీని వేయించిన వాసనకు దగ్గరగా ఉంటాయి.

నిమ్మరసాన్ని పొయ్యి మీద నుంచి దించిన తరవాతే పిండండి. వేడికి విటమిన్ సి నశిస్తుంది. ఆ విటమిన్ మిగిలి ఉంటే గింజలోని ఇనుము ఒంటికి మరింతగా పడుతుంది.

7.7 జాగ్రత్తలు

కొర్రలలో కొవ్వు బియ్యం కంటే ఎక్కువ. అందువల్ల పొట్టు తీసిన గింజలు, పిండి ఎక్కువకాలం నిలవ ఉంటే చేదెక్కుతాయి. నెలకు సరిపడా మాత్రమే కొనండి. ఒకసారి చేదెక్కిన గింజను ఏ పులుసూ బాగుచేయలేదు. అలాగే కొర్ర మందు కాదు. మధుమేహం ఉన్నవారు ఎంత తింటున్నారో చూసుకోవాలి, వైద్యుని సలహా లేకుండా మందులు మార్చకూడదు.

7.8 సారాంశం

కొర్ర మెత్తని రుచి గల, విడివిడిగా ఉడికే, త్వరగా పొడిబారే గింజ. పులుపు దానిని మింగేలా చేస్తుంది. నూనె వాసనను చేరుస్తుంది. పప్పు ముద్దను కలిపి, లైసిన్ కొరతను తీరుస్తుంది. కారం రుచికి చురుకునిస్తుంది. వీటిలో కనీసం మూడు ఉండేలా చూసుకుంటే కొర్ర అన్నం మీ ఇంట్లో నాలుగు రోజుల ముచ్చటగా కాక నిత్యాహారంగా నిలుస్తుంది.

7.9 మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. పలుచని చారు కొర్ర అన్నంతో ఎందుకు సరిగా కలవదు?
2. కొర్ర, కంది పొలంలోను, భోజనంలోను ఒకదానికొకటి ఎలా తోడ్పడతాయో వివరించండి.
3. అభ్యాసం: ఒకే కొర్ర అన్నాన్ని మూడు గిన్నెలలో తీసుకోండి. ఒకదానిలో పలుచని చారు, రెండవదానిలో పుల్లని పప్పు, మూడవదానిలో పుల్లని పప్పుతో పాటు వేరుశనగ పచ్చడి కలపండి. ఇంట్లో ముగ్గురికి రుచి చూపించి, వారి అభిప్రాయాలను రాసుకోండి. 7.3లోని ఏ సూత్రాలు మీకు కనిపించాయో పది వాక్యాలలో రాయండి.