స్టేజి దిగి కోర్టుకెళ్లిన మడోన్నా!

సినిమాల్లో పిల్లల్ని దత్తత తీసుకోవడం ఎంత తేలికో! అనాథాశ్రమంలో పాపాయి నవ్వుతుంది, హీరోయిన్ ఎత్తుకుంటుంది, వెనక వయొలిన్లు... తర్వాతి సీన్లో పాప స్కూలుకి తయారు. మధ్యలో జడ్జిగారు కనపడనే కనపడరు!

పాటల రాణి మడోన్నాకి మాత్రం కనపడ్డారు. ఆఫ్రికాలోని మలావీ దేశం నుంచి 2006లో ఓ బాబుని తాత్కాలిక ఉత్తర్వుమీద తెచ్చుకుంటే, దత్తత ఖాయమయ్యేసరికి 2008 వచ్చింది. 2009 ఏప్రిల్‌లో ఓ పాపను అడిగితే హైకోర్టు కుదరదు పొమ్మంది. పెంచుకునేవాళ్లు ఆ దేశంలో నివాసముండాలన్నది అక్కడి చట్టం. దాన్ని సడలిస్తే పిల్లల్ని అమ్ముకునేవాళ్లకి దారి దొరుకుతుందని న్యాయమూర్తి భయం.

పేరూ, డబ్బూ వున్నావిడకే యింత కష్టమా అంటారేమో! నాకైతే ఆ కోర్టంటే గౌరవం కలిగింది. తారని చూసి చట్టం లేచి నిలబడితే, రేపు దొంగలూ తార వేషంలోనే వస్తారు. అయితే కాగితాలు కదిలేదాకా పసిది ఆశ్రమంలోనే ఎదురుచూడాలి కదా... ఆ బాధా నిజమే.

జూన్‌లో సుప్రీంకోర్టు ఆ తీర్పుని కొట్టేసింది. అక్కడి అనాథలకోసం మడోన్నా చేస్తున్న సేవని లెక్కలోకి తీసుకుని, నివాసమన్న మాటకి విశాలమైన అర్థం చెప్పింది. పాప కొత్త యింటికి చేరింది.

2017లో అదే దేశం నుంచి కవలపిల్లల్ని పెంచుకోవడానికీ ఆమె మళ్లీ జడ్జిగారి ముందు నిలబడాల్సి వచ్చింది. వేలమంది చప్పట్లు కొట్టే మనిషే... ఒక్క సంతకం కోసం!