బ్లూరే ప్లేయరు – మనకు తెలియని మార్పులు

ఇంటి వస్తువుల బాగోగులు చూచుకొనుట గృహిణికి క్రొత్తగాదు. తిరుగలి యరిగిన గంట్లు కొట్టింతుము. కుట్టుమిషనుకు నూనె వేయుదుము. కాని చలనచిత్రములు చూపు బ్లూరే ప్లేయరు సంగతి వేరు. దానిని మార్చువాడు మన గడప త్రొక్కడు. దూరముననున్న కంపెనీవారు ఇంటర్నెట్టు ద్వారా దానిలోని సాఫ్ట్‌వేరును మార్చుచుందురు. దీనినే అప్‌డేటు అందురు.

ఈ మార్పేల? 2006లో విపణికి వచ్చిన బ్లూరే డిస్కులలో చిత్రము సామాన్యముగా రహస్యలిపిలో నుండును. దానిని విప్పు తాళపుచెవులు ప్లేయరులో నుండును. దొంగప్రతుల నరికట్టుటకై తయారీదారులు ఈ తాళమును అప్పుడప్పుడు మార్చుచుందురు. అంతట నిన్నటివరకు చక్కగా నడచిన ప్లేయరు క్రొత్త డిస్కును చదువజాలకపోవచ్చును. 2010 ఏప్రిలులో అవతార్ చిత్రపు డిస్కు అమెరికాలో విడుదలైనపుడు ఇట్లే జరిగినది. రొక్కమిచ్చి కొన్నవారిలో కొందరు, అప్‌డేటు చేసికొనిన గాని చిత్రమును చూడలేకపోయిరి. దొంగకై వేసిన తాళము ఇంటివారినే వాకిట నిలిపినది!

ఇంతకంటె విచిత్రమైన సంగతి 2020 జూనులో జరిగినది. శాంసంగు కంపెనీవారి బ్లూరే ప్లేయరులు అనేకములు, పలుదేశములందు, ఒక్కమారుగా పాడయ్యెను. యజమానులు చేసిన లోప మేమియు లేదు. ఇంటర్నెట్టు ద్వారా వచ్చిన యొక చిన్న ఫైలును యంత్రము చదువలేక, ఆగుచు, మరల మొదలిడుచు, మరల ఆగుచుండెను. దిద్దుబాటును ఇంటర్నెట్టు ద్వారానే పంపుదమన్న, దాని నందుకొనునంతసేపు యంత్రము నిలిచినగదా! తుదకు అమెరికాలో కంపెనీవారు ఆ ప్లేయరులను తపాలాలో తెప్పించుకొని ఉచితముగా బాగుచేసి పంపిరి. అంతవరకు ఇంటనున్న డిస్కులన్నియు అలమరలోనే యుండెను. సొమ్మొకరిది, పెత్తన మొకరిది!

కావున ప్లేయరు కొనునప్పుడు వెలతోపాటు మరి రెండు సంగతులడుగవలయును. అప్‌డేటులు ఎన్నియేండ్లు ఇత్తురు? ఇంటర్నెట్టు లేనియెడల పెన్‌డ్రైవుతో చేసికొనవచ్చునా? బిల్లును, మోడలు నంబరును భద్రపరుపుడు. అప్‌డేటు జరుగుచుండగా స్విచ్చి తీయరాదు. సాఫ్ట్‌వేరు సగము వ్రాయబడి నిలిచిన యంత్రము మరల లేవకపోవచ్చును. కరెంటు తరచుగా పోవు వేళ దాని జోలికి పోకుండుట మేలు. ఇంట బంధువులు కూడి చిత్రము చూడదలచిన దినమునగాక, తీరికగల మరియొక దినమున ఆ పని చేసికొనుడు. ఉన్న డిస్కులు చక్కగా నడచుచున్నయెడల, తనంతట అప్‌డేటగు ఏర్పాటును, వీలున్నచో, సెట్టింగులలో ఆపివేయవచ్చును. డిస్కు చూచుటకు సామాన్యముగా ఇంటర్నెట్టుతో పనిలేదు.

ఒక్క మాట ధైర్యము కొరకు. మన పిల్లల పెండ్లి వీడియోలు వ్రాయించుకొను మామూలు డీవీడీలకు ఇట్టి తాళములు సాధారణముగా నుండవు. అప్‌డేటు లేదని అవి నిలిచిపోవు. కాని ఏ డిస్కైనను కాలక్రమమున చెడవచ్చును గనుక, వానికి మరియొక ప్రతి తీయించి దాచుకొనుడు.

యంత్రమును కొన్నది మనము. దానిలో నెవరు, ఎప్పుడు, ఏమి మార్చుచున్నారో తెలిసికొను హక్కును మనకు కలదు. అంగడిలో ఆ ప్రశ్న వేయుటకు సంకోచింపకుడు.