జనాభివృద్ధి – సేద్యభూమి: తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతములు

జనసంఖ్య పెరుగుదలను ఆహారోత్పత్తి అందుకొనజాలదని 1798లో మాల్థస్ వాదించెను. జనము పెరిగినకొలది కర్షకుడు నేలను బీడు విడుచుట మాని, ఎరువు వేసి, నీరు పెట్టి, ఆ నేలనే పెక్కు పంటలు తీయునని 1965లో ఎస్తర్ బోసెరప్ ప్రతిపాదించెను. ఉష్ణమండల దేశములందు ఈ రెండవ వాదమునకు నిదర్శనములు మెండు. తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతములందు మాత్రము, మహానగరము చేరువలో నుండుటచే, మూడవ మార్పు కూడ కానవచ్చుచున్నది.

ఈ సీమలో జీవనది లేదు. కుశస్థలి, ఆరణి నదులు వానలననుసరించి పారును. ఈశాన్య ఋతుపవనపు వానను చెరువులందు నిలిపి మాగాణిలో వరిని, మెట్టలో వేరుసెనగ మొదలగువానిని పండించుట పూర్వాచారము. జనము పెరుగగా సేద్యము బావులపై ఆధారపడెను. కపిల, ఏతములకు బదులు విద్యుత్ మోటారులు వచ్చెను; నీరున్నచోట ఒక పంట రెండు, మూడు పంటలయ్యెను; చెరకు సాగుకు తిరువాలంగాటి సహకార చక్కెర మిల్లు ఆలంబనమయ్యెను.

మరియొక వైపు మద్రాసు నగరము పెరిగెను. సేద్యపు చెరువులగు పుళల్, చోళవరము 1872 నాటి పథకముతో నగరపు త్రాగునీటికి వినియుక్తమయ్యెను. 1944లో కుశస్థలిపై పూండి జలాశయము వెలసెను. పిమ్మట తామరైపాక్కము, పంజెట్టి, మీంజూరు గొట్టపుబావుల నీరును నగరమునకు తరలెను. కొందరు రైతులు పంట మాని బావినీటినే అమ్ముకొనిరి. అతిగా తోడుటచే మీంజూరు ప్రాంతమున సముద్రపు ఉప్పునీరు భూగర్భమున చొరబడెను.

తిరుత్తణి 1960 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశమునుండి మద్రాసు రాష్ట్రమున చేరెను. 1997లో తిరువళ్ళూరు జిల్లా ఏర్పడెను. ఆ జిల్లా జనసంఖ్య 2001లో 27,54,756, 2011లో 37,28,104. అప్పటికే నూటికి 65 మంది పట్టణవాసులు.

బీడును దున్నిన రైతు మరల బీడు విడువగలడు. ఇండ్లస్థలముగా మారిన మాగాణి మరల మడి కాదు. చెరువునకు నీరు తెచ్చు కాలువ పూడినచో ఆయకట్టు తగ్గును. ఆయకట్టు తగ్గినచో చెరువును బాగుచేయించుకొను రైతులును తగ్గుదురు. పిదప చుట్టుపట్ల బావులకు ఊట తప్పును. 1983 ఒప్పందము ననుసరించి తెలుగుగంగ కాలువ ద్వారా కృష్ణాజలము 1996లో పూండి చేరెను. అది నగరమునకు మేలే. కాని ఊరిచెరువు చేయు పని ఆ కాలువ చేయజాలదు. కావున ఇండ్లకు స్థలము కేటాయించునపుడు చెరువులను, వాని కాలువలను ముందుగా ఎల్లలు కట్టి కాపాడుట ఆవశ్యకము.